లైవ్ కెమెరాల్లో కెనడా ప్రెయిరీలను చూడటం ఎలా?

కెనడా మధ్యలో మానిటోబా, సస్కాచివాన్, ఆల్బర్టా అనే మూడు రాష్ట్రాలు పక్కపక్కనే ఉంటాయి. వీటి దక్షిణ భాగం ఒకప్పుడు విశాలమైన గడ్డి మైదానం. ఇప్పుడు చాలావరకు గోధుమ, కనోలా (ఆవాల జాతి నూనెగింజ), పప్పుధాన్యాలు పండే పొలాలు. మన కిరాణా కొట్లలో దొరికే మైసూరు పప్పులో కొంత సస్కాచివాన్ పొలాల నుంచే ఓడెక్కి వస్తుంది. ఈ ప్రాంతాన్నే ప్రెయిరీలు అంటారు. అక్కడి రోడ్ల మీద, నదుల పక్కన, జంతువులు తిరిగే చోట్ల, ఎత్తైన భవనాల అంచుల మీద కెమెరాలున్నాయి. వాటిని ఎవరైనా ఇంటి నుంచే ఉచితంగా చూడొచ్చు.

కానీ చాలామంది తోచినప్పుడు ఏదో ఒక కెమెరా తెరుస్తారు. తెర నల్లగా ఉంటుంది, లేదా ఖాళీ మైదానం కనిపిస్తుంది. రెండు నిమిషాలు చూసి మూసేస్తారు. నిజానికి ఆ కెమెరాలో తప్పేమీ లేదు, చూసిన వేళ సరైనది కాదు. ప్రెయిరీల్లో ప్రతిదానికీ ఒక నెల ఉంది, ఆ నెలలో ఒక గంట ఉంది. అందుకే ముందు నెల చూసుకోండి, తర్వాత గంట, ఆ తర్వాతే కెమెరా.

ముందు గడియారం

ఫోన్‌లో వరల్డ్ క్లాక్ తెరిచి విన్నిపెగ్, రెజైనా, కాల్గరీ నగరాలను చేర్చుకోండి. తర్వాత ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. సస్కాచివాన్‌లో దాదాపు అంతటా ఏడాది పొడవునా ఒకే టైము నడుస్తుంది, గడియారాలు ముందుకీ వెనక్కీ తిప్పరు. మనం వాళ్లకంటే పదకొండున్నర గంటలు ముందుంటాం. అంటే రెజైనాలో ఉదయం 7 అయితే, దాన్ని సాయంత్రం 7 చేసి అరగంట తీసేయండి: మనకు సాయంత్రం 6.30. వాళ్ల సాయంత్రం 8 మనకు మర్నాడు ఉదయం 7.30.

మానిటోబాకు చలికాలంలో ఇదే లెక్క. అయితే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి, ఆ నెలల్లో తేడా పదిన్నర గంటలే. ఆల్బర్టాకు మీ ఫోన్‌ మాట వినండి.

దీనివల్ల మనకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. వాళ్ల తెల్లవారుజాము మన సాయంత్రం, వాళ్ల సాయం సంధ్య మన ఉదయం. జంతువులు, పక్షులు ఎక్కువగా కదిలే రెండు వేళలూ మన ఖాళీ సమయాల్లోనే పడతాయి. ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు.

రోడ్డు కెమెరాలతో మొదలుపెట్టండి

అందరూ నేరుగా ధ్రువపు ఎలుగుబంట్ల దగ్గరికే వెళ్తారు. నా సలహా మాత్రం రోడ్డు కెమెరాలు ముందు చూడమని. నేల ఎలా ఉంటుందో తెలిస్తే, ఆ నేల మీద బతికే జంతువు తర్వాత బాగా అర్థమవుతుంది.

మానిటోబాకు ‘మానిటోబా 511’, ఆల్బర్టాకు ‘511 ఆల్బర్టా’, సస్కాచివాన్‌కు ‘హైవే హాట్‌లైన్’ అనే సైట్లున్నాయి. ఇవి డ్రైవర్ల కోసం పెట్టినవి. మ్యాప్ మీద కెమెరా గుర్తులు కనిపిస్తాయి, నొక్కితే ఫొటో వస్తుంది. ఇది వీడియో కాదు, కొన్ని నిమిషాలకోసారి మారే ఫొటో. డేటా దాదాపు ఖర్చు కాదు. ట్రాన్స్-కెనడా హైవే, అంటే నంబర్ 1 రోడ్డు పట్టుకోండి. తూర్పున విన్నిపెగ్ దగ్గర మొదలుపెట్టి బ్రాండన్, రెజైనా, మూస్ జా, స్విఫ్ట్ కరెంట్, మెడిసిన్ హ్యాట్ మీదుగా కాల్గరీ దాకా ఒక్కొక్క కెమెరా తెరుస్తూ పడమరకు వెళ్లండి.

విన్నిపెగ్ చుట్టూ నేల బల్లపరుపుగా ఉంటుంది. మంచుయుగం చివర్లో అక్కడ అగాసిజ్ అనే మహా సరస్సు ఉండేది, ఇప్పుడు కనిపించే పొలాలు దాని అడుగు. పడమరకు వెళ్లేకొద్దీ నేల నెమ్మదిగా లేస్తుంది, మెట్టలు వస్తాయి, గాలి పొడిబారుతుంది, పొలాల మధ్య పశువుల బీళ్లు పెరుగుతాయి. కాల్గరీ దాటాక ఒక్కసారిగా రాకీ పర్వతాలు కనిపిస్తాయి. వెయ్యి కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ మార్పును అరగంటలో చూడొచ్చు.

ప్రతి ఫొటోలో మూడు చోట్ల చూడండి. మొదట ఆకాశం, ఎందుకంటే చాలా ఫొటోల్లో సగానికి పైగా అదే ఉంటుంది. జూన్, జులై మధ్యాహ్నాల్లో ఉరుముల మేఘాలు ఎక్కడో దూరంగా పుట్టి లేవడం కనిపిస్తుంది. ఆ మేఘాలను తేలిగ్గా తీసుకోకండి. కెనడాలో నమోదైన ఒకే ఒక్క ఎఫ్-5 స్థాయి, అంటే అత్యంత తీవ్రమైన టోర్నడో (సుడిగాలి) 2007 జూన్ 22న విన్నిపెగ్‌కు పడమరన ఇలీ అనే ఊరి దగ్గరే వచ్చింది. రెండోది రోడ్డు అంచు. చలికాలంలో కొత్తగా మంచు కురవకపోయినా, పడి ఉన్న మంచును గాలి పాముల్లా రోడ్డు మీదుగా ఈడ్చుకెళ్తుంది. గాలి పెరిగితే రోడ్డు, పొలం, ఆకాశం కలిసిపోయి తెర మొత్తం తెల్లగా అయిపోతుంది. కెమెరా పాడైందనుకోకండి, డ్రైవరుకు కనిపించేదీ అదే. మూడోది దిగంతం. అక్కడ ఒంటరిగా నిలబడ్డ పొడవాటి కట్టడం కనిపిస్తే అది ధాన్యం ఎలివేటర్ కావచ్చు. రైతులు తెచ్చిన ధాన్యాన్ని పైకెత్తి నిల్వచేసి రైలు పెట్టెల్లో నింపే గోదాము అది. ఒకప్పుడు రైలు మార్గం పొడవునా ఊరికొకటి చొప్పున చెక్కవి వేలల్లో ఉండేవి. ఇప్పుడు చాలావరకు పోయాయి. మానిటోబాలోని ఇంగ్లిస్‌లో వరుసగా ఐదింటిని జాతీయ చారిత్రక స్థలంగా కాపాడుతున్నారు.

పొలం పక్కనున్న ఒక కెమెరాను ఎంచుకుని ఏడాది పాటు వారానికో ఫొటో సేవ్ చేసుకోండి. ఒకే గంటకు తీయండి, లేకపోతే వెలుగు తేడాలు గందరగోళం చేస్తాయి. మేలో విత్తనాల ముందు నల్లమట్టి, జూన్‌లో పచ్చదనం, జులైలో కనోలా పూసి కళ్లు చెదిరే పసుపు, ఆగస్టు, సెప్టెంబరుల్లో కోతలు, ఆ తర్వాత మంచు. వ్యవసాయం తెలిసిన మన పెద్దవాళ్లకు ఈ ఫొటోలు చూపించండి. ఏడాదికి ఒకే పంట, అదీ వంద రోజుల చిల్లర వ్యవధిలో ముగించాలంటే రైతు ఎంత హడావుడి పడాలో వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

నగరాలు

మన పిల్లలు చాలామంది చదువుకో, ఉద్యోగానికో విన్నిపెగ్, రెజైనా, సస్కటూన్, కాల్గరీ, ఎడ్మంటన్ వెళ్లారు. ఇక్కడున్న అమ్మానాన్నలకు మైనస్ ముప్పై అనే మాట వినగానే టెన్షన్ మొదలవుతుంది. అలాంటివాళ్లకు నగర కెమెరాలు నిజంగా పనికొస్తాయి. కాల్గరీ, ఎడ్మంటన్ నగరపాలక సంస్థలు ట్రాఫిక్ కెమెరాలను వెబ్‌సైట్లలో పెడతాయి. మీ అమ్మాయి ఉండే పేటకు దగ్గరి కూడలి ఏదో అడిగి తెలుసుకోండి. బయట అంత చలి ఉన్నా బస్సులు నడుస్తుంటాయి, జనం నడుస్తుంటారు. అది కళ్లారా చూస్తే కలిగే ధైర్యం ఫోన్లో ఎంత చెప్పినా రాదు.

బాగా చలి ఉన్న పొద్దున చూస్తే భవనాల చిమ్నీల నుంచి తెల్లటి ఆవిరి నిటారుగా లేస్తుంటుంది. అంటే గాలి లేదు, చలి తీవ్రంగా ఉంది. సూర్యుడు కిందుగా ఉన్నప్పుడు రెండు పక్కలా చిన్న వెలుగు ముద్దలు కనిపించొచ్చు. గాలిలో తేలే మంచు పలుకుల గుండా కాంతి వంగడం వల్ల అవి వస్తాయి. వీటిని సన్‌డాగ్స్ అంటారు. ఇవి కనిపించిన రోజు ఫొటో తప్పకుండా దాచుకోండి.

కాల్గరీకి ఇంకో ప్రత్యేకత ఉంది. చలికాలంలో పర్వతాల మీదుగా షినూక్ అనే వెచ్చటి గాలి దిగితే కొన్ని గంటల్లోనే ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు కూడా పెరగొచ్చు. పడమటి ఆకాశంలో మేఘం విల్లులా వంగి, దాని కింద శుభ్రమైన నీలి పట్టీ కనిపిస్తే షినూక్ వచ్చినట్టు. ఉదయం తెల్లగా ఉన్న వీధి సాయంత్రానికి తడిగా నల్లబడుతుంది.

విన్నిపెగ్‌లో రెండు చోట్లు వెతకండి. ఒకటి పోర్టేజ్, మెయిన్ వీధులు కలిసే కూడలి. 1979లో పాదచారులు పైనుంచి దాటకుండా మూసేసిన ఈ కూడలిని 2025లో మళ్లీ తెరిచారు. రెండోది ఫోర్క్స్, రెడ్, అసినిబోయిన్ నదులు కలిసే చోటు. ఏప్రిల్ వస్తే రెడ్ నది కనిపించే కెమెరా ఏదైనా పట్టుకోండి. ఈ నది అమెరికాలో పుట్టి ఉత్తరానికి పారుతుంది. దక్షిణాన మంచు ముందు కరుగుతుంది, ఉత్తరాన నది ఇంకా గడ్డకట్టే ఉంటుంది. వచ్చిన నీటికి దారి ఉండదు. ఇక్కడి వరదలకు ఇదో పెద్ద కారణం. నగరాన్ని కాపాడటానికి 1968 నాటికి 47 కిలోమీటర్ల వరద కాలువ తవ్వారు. 1997 నాటి మహా వరదలో విన్నిపెగ్‌ను చాలావరకు నిలబెట్టింది ఆ కాలువే. ఐసు పలకలు విరిగి ఒకదాని మీదికొకటి ఎక్కే రోజుల్లో ఆ నదిని చూస్తూ కూర్చుంటే సమయం తెలీదు.

ఎడ్మంటన్ ప్రాంతంలో ఎత్తైన కట్టడాల మీద గూళ్లు పెట్టే పెరిగ్రిన్ డేగల కెమెరాలను ఆల్బర్టా కన్జర్వేషన్ అసోసియేషన్ నడుపుతూ వచ్చింది. ఏప్రిల్ చివర్లోనో మేలోనో గుడ్లు, అవి పొదగడానికి ఐదు వారాలకు కాస్త అటూఇటూ, ఇంకో ఆరు వారాలకు పిల్లలు ఎగరడం. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకులు పలుచబడి పగిలిపోయి, 1970ల నాటికి ఈ డేగలు ప్రెయిరీల్లో దాదాపు కనుమరుగయ్యాయి. మందును అరికట్టి, పెంపకంలో పుట్టిన పిల్లలను వదిలి, మళ్లీ నిలబెట్టారు. అందుకే ఆ గూట్లో ప్రతి గుడ్డూ విలువైనదే.

గడ్డిభూమిలో బైసన్

అసలైన, దున్నని ప్రెయిరీ చూడాలంటే సస్కాచివాన్ దక్షిణపు అంచున ఉన్న గ్రాస్‌ల్యాండ్స్ నేషనల్ పార్క్‌కు వెళ్లాలి. ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ సైట్‌లో బైసన్ అని వెతికి ఈ పార్క్ పేరున్న ప్రసారం తెరవండి. ప్రసారం ఆగి ఉంటే, అదే పేజీలో పాత క్లిప్‌లుంటాయి.

ఒకప్పుడు కోట్లలో తిరిగిన బైసన్‌లు, అంటే అడవిదున్నల్లాంటి పెద్ద జంతువులు, 19వ శతాబ్దం చివరికి వేటవల్ల తుడిచిపెట్టుకుపోయే స్థితికి వచ్చాయి. ఈ పార్క్‌లోకి 2005 డిసెంబరులో, ఆల్బర్టాలోని ఎల్క్ ఐలాండ్ నేషనల్ పార్క్ నుంచి 71 బైసన్‌లను తెచ్చారు. అంతకు ముందు 120 ఏళ్లపాటు ఆ నేల మీద వాటి అడుగు పడలేదు. ఈ సంగతి తెలుసుకుని చూస్తే, దూరంగా నల్లచుక్కల్లా కనిపించే మంద కూడా మనసును తాకుతుంది.

మేలో చూడండి. దూడలు నారింజ, ఎరుపు కలిసిన రంగులో ఉంటాయి, దూరం నుంచి కూడా తెలిసిపోతాయి. జులై చివర, ఆగస్టుల్లో మగవి తలలు ఢీకొట్టుకుంటాయి, మట్టిలో పొర్లుతాయి, వాటి గుర్రు మైకులో వినిపిస్తుంది. గంట విషయానికి వస్తే, జూన్‌లో అక్కడ సూర్యోదయం సుమారు 5కు, అంటే మనకు సాయంత్రం నాలుగున్నర. అస్తమయం రాత్రి 9 దాటాక. కాబట్టి మన ఉదయం 6.30 నుంచి 8.30 దాకా అక్కడ గడ్డి మీద ఏటవాలు బంగారు వెలుగు ఉంటుంది. ఇంతకంటే మంచి సమయం లేదు.

ఏమీ కనిపించకపోతే వెంటనే కెమెరా మార్చకండి. కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. శబ్దం పెంచి కళ్లు మూసుకోండి. మెడోలార్క్ అనే పిట్ట పాట వినిపిస్తుంది, గడ్డిలో గాలి వినిపిస్తుంది. కెనడాలో నల్లతోక ప్రెయిరీ డాగ్‌లు సహజంగా బతుకుతున్న చోటు ఈ పార్క్, దాని చుట్టుపక్కల ప్రాంతమే. ఇవి కుక్కలు కావు, ఉడుత జాతివి. ప్రమాదం కనిపిస్తే అరిచి మిగతావాటిని హెచ్చరిస్తాయి, ఆ అరుపును బట్టి ఆకాశంలో డేగ ఉందేమో వెతకొచ్చు.

చర్చిల్: ఎలుగులు, బెలూగాలు, అరోరా

చర్చిల్ మానిటోబాలోనే ఉన్నా అది గడ్డినేల కాదు. ఉత్తరాన హడ్సన్ బే ఒడ్డున, చెట్లు ముగిసి టండ్రా మొదలయ్యే చోటు. అయినా ప్రెయిరీ రాష్ట్రాల్లో తిరిగేవాళ్లు దీన్ని వదలకూడదు. ఇక్కడి కెమెరాలు కూడా ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్‌లోనే దొరుకుతాయి. ఎలుగుల ప్రసారంలో పోలార్ బేర్స్ ఇంటర్నేషనల్ సంస్థ శాస్త్రవేత్తలు పాల్గొంటారు.

ఎలుగుల కోసం అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య దాకా. ఇవి సీళ్లను వేటాడేది సముద్రపు మంచు మీద నుంచే. వేసవిలో మంచు కరిగాక ఒడ్డుకొచ్చి, నెలల తరబడి దాదాపు ఆకలితో గడిపి, నీళ్లు మళ్లీ గడ్డకట్టే రోజు కోసం ఒడ్డున గుమిగూడతాయి. నవంబరులో అక్కడ పొద్దుపొడుపు 8 ప్రాంతంలో, మనకు రాత్రి 7.30. కుటుంబమంతా భోజనాల వేళ చూడొచ్చు. మగ ఎలుగులు రెండు కాళ్ల మీద లేచి ఆటగా కుస్తీ పడటం కనిపిస్తే అదృష్టమే. సముద్రం గడ్డకట్టిందంటే కొద్దిరోజుల్లో అన్నీ వెళ్లిపోతాయి. ఆ తేదీ ఏటా మారుతుంది కాబట్టి నవంబరులో ఆలస్యం చేయకండి.

జులై, ఆగస్టుల్లో చర్చిల్ నది ముఖద్వారంలోకి తెల్లటి బెలూగా తిమింగలాలు వేలల్లో వస్తాయి. పడవకు కట్టిన కెమెరా ఒకటి నీళ్లపైన, ఒకటి నీళ్ల కింద తిరుగుతుంది. హెడ్‌ఫోన్ పెట్టుకోండి. అవి ఈలలు వేస్తాయి, కిచకిచలాడతాయి, టకటకమంటాయి. నీళ్లు ఆకుపచ్చగా, మసకగా ఉంటాయి, ఉన్నట్టుండి ఒక తెల్లటి ముఖం కెమెరా ముందుకొచ్చి మనల్నే చూస్తున్నట్టు ఆగుతుంది. పక్కన బూడిద రంగులో ఉన్నది పిల్ల. మన రాత్రి ఏడున్నర తర్వాత ప్రయత్నించండి.

అరోరాకు, అంటే ధ్రువకాంతులకు, జనవరి నుంచి మార్చి మంచివి. ఆ నెలల్లో ఆకాశం ఎక్కువగా తేటగా ఉంటుంది. వేసవిలో అక్కడ రాత్రి పూర్తిగా చీకటి పడదు కాబట్టి వృథా. చర్చిల్‌లో రాత్రి 10 నుంచి 2 మధ్య, అంటే చలికాలపు లెక్కన మనకు ఉదయం 9.30 నుంచి మధ్యాహ్నం 1.30. మిట్టమధ్యాహ్నం ఆఫీసులో పక్క తెరమీద ధ్రువకాంతులు పెట్టుకోవచ్చన్నమాట. అరోరా తరచుగా కనిపించే వలయం కిందే చర్చిల్ ఉంది, పెద్ద సౌరతుపాను అవసరం లేదు. అమెరికా ప్రభుత్వ వాతావరణ సంస్థ నోవా (NOAA) సైట్‌లో అరోరా అంచనా పటం ఉంటుంది, అది ఆకుపచ్చగా ఉండి, అక్కడ మబ్బు లేకపోతే తెరవండి. ఆకుపచ్చ రంగు సుమారు వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ వల్ల వస్తుంది. కెమెరా రంగును మన కంటికంటే ఎక్కువగా పడుతుంది, అక్కడికి వెళ్లినవాళ్లకు అదే దృశ్యం పాలిపోయి కనిపించొచ్చు. 2024 మే నెలలో వచ్చిన పెద్ద సౌరతుపానులో మన లద్దాఖ్‌లోని హాన్లే కెమెరాలకు కూడా ఎర్రటి అరోరా చిక్కింది.

సరిహద్దు దాటి ఒక్క చోటు

మార్చిలో మాత్రం కెనడా వదిలి అమెరికాలోని నెబ్రాస్కాకు రండి. గడ్డిభూమి సరిహద్దు దగ్గర ఆగిపోదు కదా. ప్లాట్ నది మీద పక్షుల సంరక్షణ సంస్థ ఆడుబాన్‌కు చెందిన రో శాంక్చువరీ కెమెరా ఉంటుంది. ఉత్తరానికి వలస వెళ్లే శాండ్‌హిల్ క్రేన్‌లు, మన సారస కొంగల బంధువులు, ఐదు లక్షలకు పైగా ఇక్కడ ఆగి, పొలాల్లో మిగిలిన మొక్కజొన్న తిని బలం పుంజుకుంటాయి. రాత్రుళ్లు లోతు లేని నీళ్లలో నిలబడి నిద్రపోతాయి. నక్క, కొయోట్ వస్తే నీళ్ల చప్పుడుకు తెలిసిపోతుంది. మార్చి మూడో వారంలో మన సాయంత్రం 5.30 నుంచి ఆరున్నర మధ్య అవి లేచి వెళ్లే వేళ, ఉదయం 6 నుంచి ఏడున్నర మధ్య తిరిగి దిగే వేళ. శబ్దం తప్పనిసరి. ఇందులో చాలావరకు వేసవికి కెనడా, అలాస్కా వైపు సాగిపోతాయి.

నిజంగా లైవేనా?

యూట్యూబ్‌లో పాత వీడియోను తిప్పితిప్పి వేస్తూ లైవ్ అని పెట్టేవాళ్లున్నారు. తెర మీద తేదీ, టైము ఉందో చూడండి. లేకపోతే ఆ ఊరి వాతావరణం ఇంకో సైట్‌లో చూసి పోల్చండి: అక్కడ రాత్రయితే తెర మీద ఎండ ఎలా కాస్తుంది? పార్కులు, సంరక్షణ సంస్థలు, ప్రభుత్వ శాఖల సొంత పేజీల నుంచి వెళ్తే ఈ బాధ తప్పుతుంది.

యూట్యూబ్ లైవ్‌లో గీతను వెనక్కి జరిపి గడిచిన కొన్ని గంటలు చూసే వీలు చాలా ప్రసారాల్లో ఉంటుంది. సూర్యోదయం తప్పిపోతే ఇలా పట్టుకోవచ్చు. మొబైల్ డేటా మీదైతే 480పీకి తగ్గించండి, మైదానం చూడటానికి అది చాలు. ఎలుగుల కోసం మాత్రం వైఫై ఉన్నప్పుడు పెద్ద తెర మీద పెట్టండి.

పిల్లలతో చూస్తుంటే ఒక మాట ముందే చెప్పండి. గూట్లో పిల్ల చనిపోవచ్చు, వేట కళ్లముందే జరగొచ్చు. ఎవరూ వచ్చి ఆపరు, ఆపకూడదు కూడా. నగర కెమెరాల్లో మనుషుల ముఖాలు, కారు నంబర్లు కనిపిస్తే ఆ ఫొటోలు ఎక్కడా పెట్టకండి. వాళ్లు మన వినోదం కోసం రోడ్డెక్కలేదు.

ఒక నోట్‌బుక్ పెట్టుకుని తేదీ, అక్కడి టైము, కెమెరా పేరు, కనిపించింది ఒక్క వాక్యంలో రాసుకోండి. ఖాళీగా ఉన్న రోజూ రాయండి, వచ్చే ఏడాది ఏ వారంలో చూడాలో అవే చెప్తాయి. కెమెరా ఆగిపోతే మూడు కారణాలు ఎక్కువ: లెన్స్ మీద మంచు, సౌర ఫలకాలకు ఎండ చాలకపోవడం, సీజన్ ముగియడం. మొదటి రెండూ ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటాయి. మూడోదైతే పేజీలో మళ్లీ మొదలయ్యే నెల రాసి ఉంటుంది, దాన్ని ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకుని అప్పటిదాకా రోడ్డు కెమెరాలకు వెళ్లండి. అవి ఏడాదంతా నడుస్తాయి.